లేని కోటకు టికెట్టు

మన తార్కికులు ద్రవ్యం, గుణం, కర్మ వగైరా ఆరు పదార్థాలను లెక్కపెట్టి, ఏడవదిగా అభావాన్ని చేర్చారు. నేల మీద కుండ లేకపోతే ఆ లేకపోవడం కూడా ఒక పదార్థమేనని వాదించి నెగ్గారు. అంతటి సిద్ధాంతం చేతిలో ఉండి కూడా, లేని ఆ కుండను చూపించి మనిషికి ఇంత అని వసూలు చేయవచ్చుననే ఆలోచన వారిలో ఒక్కరికీ తట్టినట్టు లేదు. ఆ లోటును ఇంగ్లండు పల్లెసీమ తీర్చింది. లండన్ పొలిమేర దాటిన యాత్రికుడికి కప్పు లేని కోటలు, ఇసుక లేని బీచ్‌లు, సముద్రం లేని రేవులు వరుసగా ఎదురవుతాయి. లేనిదల్లా ఉచిత పార్కింగు ఒక్కటే అనుకుంటే, దాన్ని గురించి ముందు ముందు మనవి చేస్తాను.

ఉన్నదాన్ని ధ్వంసం చేయగా మిగిలేది ప్రధ్వంసాభావం. దాన్ని కళ్ళారా చూడదలచినవారు డోర్సెట్‌లోని కోర్ఫ్ కోటకు వెళ్ళాలి. రాజుకూ పార్లమెంటుకూ అంతర్యుద్ధం జరిగిన రోజుల్లో మేరీ బ్యాంక్స్ అనే దొరసాని ఈ కోటను రాజు పక్షాన కాపాడింది. 1646లో లోపలి అధికారి ఒకడు ద్రోహం తలపెట్టి, శత్రు సైనికులనే సాయానికి వచ్చినవారని నమ్మించి లోపలికి తెచ్చాడు. కోట చేజిక్కిన తరువాత పార్లమెంటు తీర్మానం చేసి మరీ దాన్ని మందుగుండుతో పేల్పించింది. అయితే ఆ దొరసాని ధైర్యానికి మెచ్చి తాళంచెవులను మాత్రం ఆమెకే వదిలిపెట్టారని చెబుతారు. ఆ చెవులు అదే జిల్లాలో, కింగ్‌స్టన్ లేసీ అనే ఆ కుటుంబపు మరో భవనంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. తాళం లేదు, తలుపు లేదు, చెవులున్నాయి. వాటిని చూడడానికి టికెట్టు వేరు.

కోట లోపలి ద్వారాలలో ఒకదాని దగ్గర కాసేపు ఆగడం అవసరం. పేలుడుకు ఆ ద్వారం నడిమికి చీలి, ఒక సగం ఉన్నచోటే ఉండగా, రెండో సగం నిలువునా పల్లానికి జారి, పడిపోకుండా అక్కడే ఆగిపోయింది. అప్పటినుంచి 370 ఏళ్ళకు పైగా కమాను ఈ అంచు ఆ అంచుకు అందకుండా ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. కూల్చివేత పని కూడా ప్రభుత్వపు పనే కనుక సగంలో ఆగిపోవడంలో ఆశ్చర్యం లేదు. మిగిలిన పనిని ఊరివారు పూర్తి చేశారు. కోట రాళ్ళను మోసుకుపోయి ఇళ్ళు కట్టుకున్నారు. బూడిద రంగు రాతి ఇళ్ళ ఆ వీధి ఇప్పుడు క్యాలెండర్ల మీద గ్రామీణ సౌందర్యంగా అచ్చవుతోంది. కోట కూలకముందు ఎలా ఉండేదో చూపే నమూనా ఒకటి అదే ఊళ్ళో, అసలు కొలతలో ఇరవయ్యో వంతుగా కట్టి ఉంచారు. దానికీ రుసుము ఉంది. ఆ విధంగా యాత్రికుడు పెద్ద కోటలో లేనిదానికి ఒకసారి, చిన్న కోటలో ఉన్నదానికి మరొకసారి చెల్లించి సంతుష్టుడవుతాడు.

ఈ సంపదను కాపాడినవారిలో మనకు బాగా తెలిసినవాడు లార్డ్ కర్జన్. మన దేశానికి వైస్రాయిగా ఉండి 1904లో పురాతన కట్టడాల పరిరక్షణ చట్టం తెచ్చి, మరుసటి ఏడాదే బెంగాల్‌ను రెండు ముక్కలు చేసిన ఆ మహాశయుడు, స్వదేశానికి వెళ్ళాక 1911లో లింకన్‌షైర్‌లోని టాటర్షాల్ కోటను కొన్నాడు. అప్పటికే దానిలోని శిల్పాలు చెక్కిన చలిమంటల గూళ్ళను ఎవరో పెకలించి అమెరికాకు పంపబోతున్నారు. ఆయన వాటిని వెదికించి, కొని, వెనక్కు తెచ్చి యథాస్థానంలో నిలబెట్టించాడు. ఒక దేశపు రాయి ఓడ ఎక్కి మరో దేశానికి పోవడం ఎంతటి ఘోరమో ఆ సందర్భంలో ఇంగ్లండు పెద్దలకు బోధపడింది. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో విడిది చేసి ఉన్న మన అమరావతి శిల్పాల దాకా ఆ బోధ విస్తరించలేదు. బహుశా దూరం ఎక్కువ కావడం వల్ల కావచ్చు.

సముద్రతీరానికి వస్తే, ఏనాడూ లేకపోవడమనే అత్యంతాభావానికి బ్రైటన్ బీచ్ చాలు. అక్కడ కూర్చోవడానికి దొరికేవి గులకరాళ్ళు. 1750 ప్రాంతంలో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రపు నీటిని మందుగా తాగమన్నాడు, జనం తాగారు. అంతటి విధేయుల సంతతికి రాళ్ళమీద పడుకోవడం ఒక లెక్కలోనిది కాదు. అదే ఊళ్ళో నాల్గవ జార్జి కోసం జాన్ నాష్ అనే వాస్తుశిల్పి హిందుస్థానీ గుమ్మటాలతో ఒక ప్యాలెస్ కట్టాడు. ఆయన మన దేశంలో అడుగు పెట్టినవాడు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన భారతీయ సిపాయిలను తెచ్చి ఆ గుమ్మటాల కింద మంచాలు వేయించడంతో ఆ కొరత కూడా కొంతకాలం తీరింది.

వెస్టన్ సూపర్ మేర్‌లో ఇసుక ఉంది, నీళ్ళే ఉండవు. పోటుకూ పాటుకూ అక్కడ ఉన్నంత తేడా ప్రపంచంలో బహు కొద్ది చోట్లే ఉంది కనుక, పాటు సమయంలో సముద్రం మైలు దూరానికి తప్పుకుని, బురదలో దిగవద్దనే హెచ్చరిక బోర్డులను తన స్థానంలో ఉంచి వెళుతుంది. ఆరు గంటలు ఓపిక పట్టినవారికి వస్తుంది గనుక దీన్ని, రాకముందు లేకపోవడమనే ప్రాగభావంగా పరిగణించాలి. రై పట్టణం సంగతి అంత తేలికగా తేలదు. ఒకప్పటి ఆ ప్రసిద్ధ రేవును విడిచి సముద్రం రెండు మైళ్ళు వెనక్కు పోయింది, తిరిగి వచ్చే ఉద్దేశం కనబరచడం లేదు. ఇక లీడ్స్ కోట లీడ్స్ నగరంలో లేదు, కెంట్‌లో ఉంది. ఒకటి మరొకటి కాకపోవడమనే అన్యోన్యాభావానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఈ ఆస్తుల విలువను సందేహించేవారు డోర్సెట్ తీరంలోని మడిఫర్డ్ ఇసుకతిన్నె మీది చెక్క గదుల ధర విచారించాలి. కుళాయి లేదు, శీతాకాలంలో రాత్రి పడుకునే హక్కు లేదు, గుమ్మం దాకా సొంత కారు రాదు; ధర మూడు లక్షల పౌండ్లు దాటిన సందర్భాలున్నాయి.

అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాలు ఈ శాస్త్రాన్ని త్వరగానే ఒంటబట్టించుకున్నాయి. కోర్ఫ్ లాంటి చారిత్రక స్థలాలను కాపాడడానికి 1895లో పుట్టిన నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు యాభై లక్షలకు పైగా సభ్యులున్నారు. సభ్యత్వం తీసుకున్నవారికి దాని స్థలాలలో పార్కింగు సాధారణంగా ఉచితం. దాంతో ఎన్ని శిథిలాలు చూస్తే కట్టిన సొమ్ము గిట్టుతుందో మొదటి వారమే లెక్క వేసి, పులిహోర డబ్బాతో, గొడుగులతో సెలవురోజు పొద్దున్నే బయలుదేరతారు. గాలులు బలంగా వీచే రోజుల్లో కోర్ఫ్ కోటను మూసివేస్తారు. లేని కోట కూడా లేకుండా పోయిన రోజది. అభావానికి అభావం భావమేనన్న సూత్రం ప్రకారం ఆనాడు కోట పూర్తిగా ఉన్నట్టే. పిల్లలు ఒప్పుకోకపోవచ్చు గానీ, పార్కింగు మాత్రం దక్కింది కనుక ఇంటి యజమాని ఆ మేరకు సభ్యత్వం ఖాతాలో జమ రాసుకుని, కారులోనే అందరికీ పులిహోర వడ్డిస్తాడు.