ఖాళీ పేగులో ముందు ఎవరు చేరాలి?

హేచరీలో పుట్టే కోడిపిల్లకు తల్లి ఉండదు. పెరటి కోడిపిల్ల తల్లి వెంట తిరుగుతూ, దాని రెట్టను కూడా పొడుచుకుంటూ మేలుచేసే సూక్ష్మజీవులను మొదటి రోజుల్లోనే కడుపులోకి తెచ్చుకుంటుంది. యంత్రంలో పొదిగి, ట్రేలో లారీ ఎక్కే పిల్ల పేగులో మాత్రం ముందు ఏది చొరబడితే దానిదే రాజ్యం. 1971లో ఫిన్లాండ్ బ్రాయిలర్ ఫారాల్లో సాల్మొనెల్లా (కోడిమాంసం ద్వారా మనిషికి విరేచనాలు తెచ్చే బాక్టీరియా) ప్రబలాక, పెద్దకోడి పేగులోని సూక్ష్మజీవులను ఒకరోజు వయసు పిల్లలకు పట్టిస్తే సాల్మొనెల్లాకు చోటు దొరకదని ఆ దేశపు శాస్త్రవేత్తలు నూర్మి, రంటాలా 1973లో చూపారు.

పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపింది; మన దేశం 2019 జులైలో కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. వాటి స్థానంలోకి ప్రోబయాటిక్‌లు (మేలుచేసే బతికున్న సూక్ష్మజీవులు), సేంద్రియ ఆమ్లాలు, ఈస్ట్ కణగోడల పొడి, మూలికా నూనెలు వచ్చాయి. రావలసినవే. అయితే వీటినీ యాంటీబయాటిక్‌లాగే మూతతో కొలిచి వేసి చేతులు దులుపుకునే అలవాటు మీదే నా అభ్యంతరం.

సేంద్రియ ఆమ్లాల్లో ఒకటైన ఫార్మిక్ ఆమ్లం బాక్టీరియా లోపలికి దూరాక విడిపోయి అక్కడి పులుపును పెంచుతుంది. ఆ పులుపును బయటకు నెట్టడంలోనే క్రిమి శక్తి హరించుకుపోతుంది. కానీ సాల్మొనెల్లా ఎక్కువగా తిష్ఠవేసేది పేగు చివర ఒకవైపు మూసుకుపోయిన సంచుల్లాంటి అంధనాళాల్లో. పూత లేని ఆమ్లం చాలావరకు మేతసంచి, కందనకాయ దాటేసరికే ఖర్చైపోతుంది. దాణాలో, మేతసంచిలో క్రిములు తగ్గడం చిన్న మేలేమీ కాదు, కాకపోతే అంధనాళం దాకా పని జరగాలంటే కొవ్వు పూత ఉన్న బ్యూటిరిక్ ఆమ్లం వంటిది కొనాలి, దాని ధర వేరు.

ప్రోబయాటిక్‌ల విషయంలో పొరపాటు ఇంకా తేలిక: ఉదయం ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేసి, గంట తిరక్కుండా అదే నీటిలో లాక్టోబాసిల్లస్ అనే ప్రోబయాటిక్ పొడి కలిపితే, డబ్బు పెట్టి కొన్న బాక్టీరియాను మనమే చంపుకున్నట్టు. గుళికల దాణా తయారీలో తగిలే వేడిని బాసిల్లస్ అనే మరో రకం ప్రోబయాటిక్ బీజాలు తట్టుకుంటాయి, లాక్టోబాసిల్లస్‌లో చాలా రకాలు తట్టుకోలేవు.

కోడిమాంసం ద్వారానే మనిషికి విరేచనాలు తెచ్చే మరో బాక్టీరియా క్యాంపైలోబ్యాక్టర్ మీద మాత్రం ఇవేవీ నిలకడగా పనిచేయడం లేదు. అది కోడిని పెద్దగా జబ్బుపడేయదు గనుక ఫారంలో ఎవరి కంటా పడదు.

కాంట్రాక్టు పెంపకంలో పిల్లా దాణా కంపెనీవి, షెడ్డూ కూలీ రైతువి. దాణాలో ఏ ఆమ్లం ఉందో రైతుకు తెలియదు, కోళ్లు నీళ్లు తాగే నిపుల్ కింద పరిచిన ఊక ఎంత తడిసి గడ్డకట్టిందో దాణా మిల్లుకు తెలియదు. బ్యాచ్ కోళ్లను అమ్మకానికి ఎత్తేముందు రెట్ట నమూనాలు తీయించి, సాల్మొనెల్లా ఫలితాన్ని కిలోల లెక్కతోపాటే రైతు చేతికివ్వడం కంపెనీ బాధ్యత కావాలి.