ఊరికే పనిచేసే పిల్లలతో ఊరికి ముప్పు

ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, సంతలో సవర వినబడే ఊరు మా పర్లాకిమిడి. పోట్లాడుకోవడానికైనా మాకు మూడు భాషలు కావాలి. అలాంటి ఊరి పెద్దలందరూ ఒకే మాట మీదికి వచ్చారంటే విషయం ఎంత తీవ్రమైనదో పాఠకులే ఊహించుకోవచ్చు. మా వీధిలోని ఇంజనీరింగు విద్యార్థి చెడిపోతున్నాడు.

తాగుడు కాదు, పేకాట కాదు. వాటికి మందుంది, కనీసం తిట్లున్నాయి. ఇతడు అర్ధరాత్రి దాకా కూర్చుని, ముక్కూ మొహం తెలియని వాళ్ల వెబ్‌సైటు పనిముట్లలో తప్పులు దిద్దుతున్నాడు. మొన్న ఎక్కడో జర్మనీ నుంచి ఒకాయన, ‘మీరు దిద్దిన కోడు పదిహేడో వరుసలో ఖాళీ ఒకటి ఎక్కువైంది, తీసేయగలరా?’ అని మర్యాదగా రాశాడట. ఖాళీ తీసేశాడు. ఆయన ఆ మార్పును స్వీకరించాడు. కుర్రవాడు వంటింట్లోకి పరుగెత్తి తల్లికి చెప్పాడు.

“ఎంత ఇస్తారు?” అన్నాడు తండ్రి.

“ఏమీ ఇవ్వరు నాన్నా. నా పని తీసుకున్నారు.”

“తీసుకుని ఏమీ ఇవ్వకపోవడానికి మన చుట్టాలు చాలరా? దానికి జర్మనీ దాకా పోవాలా?”

ఈ ప్రశ్నకు కంప్యూటర్ శాస్త్రంలో ఇప్పటివరకు జవాబు లేదు.

ఈ జాడ్యాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. రాసిన కోడును దాచుకోకుండా నలుగురి ముందూ పెట్టడం, తీసుకోండి, మార్చుకోండి, పంచుకోండి అనడం దీని లక్షణాలు. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ల విద్యార్థికి ఇది సోకి, కంప్యూటర్లను నడిపే లినక్స్ పుట్టింది. అతడి తల్లిదండ్రులు వేళకు మందలించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది ఆ లినక్సే. ‘ఉచితంగా చేసిన పనికి విలువ లేదు’ అనే సూక్తిని మా పెద్దలు ఒకరికొకరు పంపుకునేది కూడా ఆ ఫోన్లలోనే.

మాకు ఉచితమంటే తెలియదని ఎవరూ అనుకోవద్దు. మా ఊరి జిరాక్సు దుకాణాల్లో ఏ సాఫ్ట్‌వేరుకైనా దొంగ ప్రతి దొరుకుతుంది, ఎక్కించినందుకు మాత్రం కూలి తీసుకుంటారు. అది వ్యాపారం. పరాయి సొత్తును ఉచితంగా వాడుకోవడం లోకజ్ఞానం, సొంత సొత్తును ఉచితంగా ఇవ్వడం మతిభ్రమణం. ఇంత చిన్న తేడా నాలుగేళ్ల ఇంజనీరింగులో ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఆదర్శంగా తీసుకోదగిన యువకులు లేకపోలేదు. ఏటా అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అని ఒకటి జరుగుతుంది. ఓపెన్ సోర్స్ పనుల్లో చేయి వేసినవారికి అప్పట్లో ఒక చొక్కా బహుమతిగా ఇచ్చేవారు. 2020లో కుర్రకారు దాన్ని సక్రమంగా అర్థం చేసుకున్నారు. ఎవరి ప్రాజెక్టుదో పరిచయ పత్రం తెరవడం, అందులో ‘అద్భుతమైన’ అనే మాట ఒకటి ఇరికించడం, చొక్కాకు చేయి చాచడం. చెత్త ఏరలేక నిర్వాహకులు ఆ నెల మొదట్లోనే నిబంధనలు మార్చాల్సి వచ్చింది. ఉద్యోగాల్లో పైకి వచ్చేది వాళ్లే. మావాడు చొక్కా కూడా తెచ్చుకోలేదు.

ఇలాంటివాళ్లు అనవసరమైన విషయాలు పట్టించుకుంటారు కూడా. 2024లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, సర్వరులోకి వెళ్లడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానించి తవ్వుకుంటూ పోయాడు. ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేరులో ఎవరో పెట్టిన దొంగ దారి బయటపడింది. ఆ సాఫ్ట్‌వేరును ఏళ్ల తరబడి జీతం లేకుండా మోసి అలసిపోయిన మనిషికి సాయం చేస్తానంటూ చేరినవాడే ఆ పని చేశాడు. కథ గొప్పదే, కానీ అర సెకను? మా ఊరి మీదుగా వెళ్లే నౌపడ–గుణుపూర్ చిన్న రైలును పెద్ద లైను కోసం 2004లో ఆపి, 2011లో మళ్లీ నడిపారు. ఏడేళ్లు రైలు లేకపోయినా నోరెత్తని ఊరు మాది. ఇక్కడి పిల్లవాడికి అర సెకను ఆలస్యాన్ని శంకించే బుద్ధి ఎక్కడిది?

వేరు కోసం వెతికితే గిడుగు రామమూర్తి పంతులుగారి దగ్గర తేలింది. ఈ ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూ ఉండక, ఎవరూ అడగకుండా సవర భాష నేర్చుకున్నారు, నిఘంటువు కట్టారు, సవర పిల్లలకు బడులు పెట్టారు. ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే వద్దని, ఆ డబ్బుతో బడి పెట్టమన్నారని చెబుతారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, ఉపన్యాసం విని, ఇంటికి వెళ్లి కొడుకును ‘ఉత్త పుణ్యానికి చాకిరీ ఏమిటిరా’ అని తిట్టడం మా ఆచారం. ఎటొచ్చీ ఈ కుర్రవాడు ఉపన్యాసం వరకే విన్నాడు.

ఇప్పుడు సవర అక్షరాల మీద పడ్డాడు. మంగెయి గొమాంగో 1936లో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్ అనే ప్రపంచ అక్షరాల పట్టికలో చేరింది. అయినా కొన్ని ఫోన్లలో ఆ అక్షరాల చోట ఖాళీ డబ్బాలే కనబడతాయి. వాటి స్థానంలో అక్షరాలు కనబడేలా, ఫోనులోనే టైపు చేసుకునేలా ఒక పేజీ కడుతున్నాడు. సంతలో చింతపండు అమ్మే ఒక ముసలాయన దాన్ని చూసి, ఒక అక్షరం తోక వంకరగా ఉందన్నాడట. జర్మనీ వాడి మాటకు దిద్దినట్లే ఇదీ దిద్దాడు. కనీసం హోదా అయినా చూడవద్దా!

దీనికి తోడు కళ. సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ బొమ్మల పద్ధతిని గమనించి, ముందు అంచు, తరువాత లోపల మనుషులు, గుర్రాలు, చెట్లు వాటంతటవే తెర మీద నిండేలా పీ5 అనే ఉచిత సాధనంతో కోడు రాశాడు. బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. దుప్పట్ల వ్యాపారి ఒకాయన ఆ బొమ్మలు అచ్చు వేసుకుంటానని, డబ్బిస్తానని వచ్చాడు. మావాడు కోడు ఊరికే తీసుకోమన్నాడు. బొమ్మలు మాత్రం వాళ్ల పూజకు సంబంధించినవి, అమ్మడానికి తనవి కావన్నాడు. తనదేమో ఊరికే ఇస్తాడట, తనది కానిది డబ్బిచ్చినా అమ్మడట. ఆ వ్యాపారి మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఇంత జరిగాక ఊరుకోలేక కల్యాణమండపం కమిటీ సమావేశమైంది. బతకడం నేర్పాలి కాబట్టి కుర్రవాడికి ఒక గట్టి పని అప్పగించాలని తీర్మానించాం: మండపానికి వెబ్‌సైటు. డబ్బు మాట ఎత్తలేదు, మనవాడే కదా. అధ్యక్షులవారు స్వయంగా వెళ్లి అడిగారు. వెంటనే ఒప్పుకున్నాడు. కోడుతో పాటు కమిటీ జమాఖర్చులు కూడా ఎవరైనా చూసుకునేలా పెడతానన్నాడు.

వెబ్‌సైటు ప్రతిపాదన ప్రస్తుతానికి వాయిదా పడింది.