కొయ్యకాళ్లతో పాటు నేల కూడా కాలిపోతోంది

యాసంగి కోతలు అయ్యాక సాయంత్రం పూట మిర్యాలగూడ వైపు బస్సెక్కితే కిటికీ మూసుకోవాల్సిందే. సాగర్ ఎడమ కాలువ కింద మడి తర్వాత మడి అంటుకుంటూ పోతుంది. పొద్దున వెళ్లి చూస్తే నల్లటి బూడిద, దాని కింద మాడిన పైమట్టి.

పశువులున్న రోజుల్లో కోత తర్వాత మిగిలే వరిగడ్డి వామి అయ్యేది, ఆ తర్వాత పెంట అయి మళ్లీ పొలానికే వచ్చేది. ఇప్పుడు కొట్టంలో ఎడ్లు లేవు. హార్వెస్టర్ వదిలిన గడ్డిని ఎత్తాలంటే కూలీ ఖర్చు, ఎత్తకపోతే దున్నడానికి అడ్డమన్న టెన్షన్. అగ్గిపుల్ల గీసే రైతును తిట్టి లాభం లేదు. ఆయనకు ఇంకో దారి ఎవరూ చూపించలేదు.

కానీ పోతున్నది చిన్నది కాదు. టన్ను వరిగడ్డిలో దాదాపు 400 కిలోలు నేలకు సత్తువనిచ్చే కర్బనమే (కార్బన్). అందులో ఎక్కువ భాగం పొగై పోతోంది.

నేలను వాడుకునే తీరు మారితే కర్బనం ఎంత తొందరగా పోతుందో ఇండోనేషియా చూసింది. అక్కడ చాలాచోట్ల పీట్ నేలలున్నాయి. నీళ్లలో మునిగి, గాలి ఆడక, ఆకూ కొమ్మా పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకుపోయిన నేలలవి. ప్రపంచ భూభాగంలో ఇలాంటివి 3 శాతమే ఉన్నా, అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ కర్బనం వీటిలోనే ఉంది. 1990ల మధ్యలో అక్కడి ప్రభుత్వం కాలిమంతన్‌లో దాదాపు పది లక్షల హెక్టార్లను వరి మడులు చేద్దామని కాలువలు తవ్వి నీళ్లు దింపింది. వరి పండలేదు. ఎండిన నేలకు మాత్రం మంటలు అంటుకున్నాయి. 2015లో ఆ దేశపు పీట్ మంటల పొగ సింగపూర్ దాకా కమ్మింది.

మనకు పీట్ లేదు. పాలమూరు చల్కల్లో, అంటే ఎర్ర ఇసుక నేలల్లో, మొదటి నుంచీ కర్బనం తక్కువే. ఎండకు ఉన్నదీ తొందరగా కరిగిపోతుంది. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే ‘తక్కువ’ అని రాస్తారు. మా చెలకకు ఇచ్చిన భూసార కార్డు మీద కూడా అదే మాట ఉంది. దాని పక్కన యూరియా ఎన్ని కిలోలు వెయ్యాలో లెక్క ఉంది గానీ, ఆ కర్బనం పెరగాలంటే ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. నాకు బాధ కలిగించేది అదే.

లెక్క వేద్దాం. ఎకరంలో జానెడు లోతు కూడా లేని పైమట్టి, అంటే 15 సెంటీమీటర్లు, దాదాపు 900 టన్నులు తూగుతుంది. అందులో కర్బనం 0.3 నుంచి 0.5 శాతానికి పెరిగితే 1.8 టన్నులు నేలలో నిలిచినట్టే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లెక్కలో ఆరున్నర టన్నులు. ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదిది, ఏళ్లు పడుతుంది.

దారులు మన పెద్దలకు తెలిసినవే. ఎండాకాలం చెలకలో గొర్రెల మంద పెట్టించేవారు. చెరువు మట్టి తోలేవారు. 2015లో మొదలైన చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయలో ఆ మట్టిని పొలాలకు చేర్చడం కూడా భాగంగా ఉండేది. చల్కకు ఆ మట్టి రెండు విధాల మేలు చేస్తుంది: తేమను పట్టుకుంటుంది, అందులోని బంకమన్ను కర్బనాన్ని అంటిపెట్టుకుని తొందరగా పోనివ్వదు. ఆ పథకాన్ని చెరువు ఎంత లోతైందన్న లెక్కతోనే చూశారు, మట్టి ఎవరి చెలకకు చేరిందన్నది పట్టించుకున్నవాళ్లు తక్కువ.

వరి మడిలో జాగ్రత్త అవసరం. పచ్చి గడ్డిని దున్ని వెంటనే నీళ్లు కడితే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు ఎక్కువగా వస్తుంది. యాసంగి కోత కాగానే కలియదున్ని, నాట్ల దాకా ఉన్న వారాల్లో ఆరుతడిలో మురగనిస్తే ఆ ముప్పు తగ్గుతుంది. పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ వేసి దున్నడానికీ ఆ వ్యవధే పనికొస్తుంది.

ఇందుకు రైతు చేతిలో డబ్బు పడాలి. కాల్చితే కేసు పెడతామని బెదిరించే ముందు, కాల్చని ఎకరానికి దున్నకం ఖర్చు ఇవ్వాలి. గడ్డి కట్టలు కట్టే మిషన్లు కోతల నాటికే కాలువ కింది ఊళ్లకు చేరాలి. హార్వెస్టర్ వెళ్లిపోయిన వారానికి వస్తే, అప్పటికి మడిలో మిగిలేది బూడిదే.