విషయం: నల్లగొండను తీరప్రాంతంగా గుర్తించుట గురించి

ముప్ఫై మూడేండ్లు ఫైళ్ల మీద "పరిశీలించి తగు చర్య నిమిత్తం" అని రాసిన చెయ్యి ఇది. రిటైరైనంక కూడ దాని దురద తీరలేదు. అందుకే ఈ వినతి.

దీనికంతటికీ కారణం మా దోస్తు. నాతోపాటే రిటైరై, కొడుకు కొన్న ఫ్లాటుకని విశాఖ పోయి, భీమిలి రోడ్డుల సెటిలైండు. పొద్దున ఐదున్నరకల్లా ఫోన్లకు సముద్రం ఫొటో వస్తది. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. ఆ దండం సూర్యునికో, నా మీద జాలికో ఇంతవరకు తేలలేదు. "రిటైరైనోడు బతకాల్సింది సముద్రం పక్కనరా" అంటడు. ఉప్పుగాలికి గేటు తుప్పుపట్టి ఏడాదికి రెండుసార్లు రంగెయ్యాలెనట, డబ్బాల ఉప్పు నీరైతదట. అవి ఫొటోల పడవు. వాళ్లింటామె మా ఇంటామెకు ఫోన్ల చెప్పుకుంటే తెలిసింది.

నేను రికార్డులు తిరగేసిన. సముద్రం మాకూ ఉన్నది. పట్నాన్ని ఆనుకొనే పానగల్లు, అక్కడి చెరువు పేరు ఉదయసముద్రం. కందూరు చోడులకు పానగల్లు రాజధాని. ఉదయచోడుడు తవ్వించి తన పేరు పెట్టిండు. రాజే సముద్రమని ఖాయం చేసినంక చెరువు అనెటందుకు మనమెవరం? సాగర్ వెనుక జలాలను పుట్టంగండి కాడ మోటార్లతోని ఎత్తిపోస్తే, అక్కంపల్లి మీదుగా కృష్ణ నీళ్లు ఇందులకే వస్తయి. బంగాళాఖాతంల కలవాలంటే కృష్ణమ్మ దిగిపోతది, మా దాంట్ల కలవాలంటే ఎక్కి వస్తది. ఏది గొప్ప సముద్రమో అధికారులే తేల్చాలె. ఇగ నాగార్జునసాగర్ ఉండనే ఉన్నది. 26 గేట్లున్న సాగరం విశాఖల ఉంటే చూపించుమనుండ్రి. (ఫ్లోరైడ్ మాట ఎత్తకుండ్రి. అది బోరునీళ్ల కేసు, వేరే ఫైలు.)

తీరప్రాంతమంటే ఉక్కపోత ఉండాలె కద అని ఒక హెడ్మాస్టరు సారు అడ్డుపుల్ల వేసిండు. మేల 44, 45 డిగ్రీల పొడి సెగలల్ల మాడే ఊరికి ఉక్కపోత ఏడికెళ్లొస్తదని ఆయన ప్రశ్న. సారుకు కూలరు సంగతి తెల్వదు, వాళ్లింట్ల ఏసీ ఉన్నది. మా కూలరు పన్నెండేండ్లది. మూడు పక్కల గడ్డి, అడుగున పాచిపట్టిన నీళ్లు. మధ్యాహ్నం అన్నం తిని, కిటికీలు బిగించి, దాన్ని రెండుల పెట్టి పండుకున్న. మొదటి అరగంట ఊటీ. గంట దాటంగనే దిండు మెత్తబడ్డది, అప్పడాలు సాగినయి, పేపరు తడిబట్ట తీరు వంగింది. పంపు బుడుబుడుమని ఆగుతది, మళ్లీ జివ్వుమని చిమ్ముతది. కండ్లు మూసుకుంటే అచ్చం అలల సప్పుడే. గాలిల చేపల వాసన సుత వచ్చింది. ఇంటామె లేచి, "ట్యాంకు కడిగి ఎన్ని దినాలైందయ్యా?" అన్నది. ఆ అభ్యంతరాన్ని రికార్డుల నమోదు చేసిన.

తీరప్రాంతపు రిటైర్డ్ జీవితానికి మాది ఎందులో తక్కువ? పొద్దున ఎన్జీ కాలేజీ గ్రౌండుల నాలుగు చుట్లు నడుస్తం, షుగరు అంకెలు చెప్పుకుంటం. ఎవలిది ఎక్కువుంటే ఆనాటికి వాళ్లదే పెత్తనం. ఏడాదికోసారి బతికున్నట్టు రుజువు ఇస్తం. మొన్న వేలిముద్ర పడలేదు. ఫైళ్లు తిప్పీ తిప్పీ గీతలు అరిగినయి. మిషిన్ ముందర మూడుసార్లు చచ్చి నాలుగోసారి బతికిన. దోస్తు ఫోన్ల మొఖం చూపించి ఒక్కసారికే బతికిండట. అంతా సముద్రపు గాలి మహిమ అన్నడు. 70 నిండితే పింఛను మీద 15 శాతం అదనం. ఏ పనీ చెయ్యకుండ, ఊరికే చావకుండ ఉన్నందుకు సర్కారు ఇచ్చే ఇంక్రిమెంటు అదొక్కటే. దానికోసమన్న ఈ కట్టమీది గాలి పీల్చుకోవాలె.

నిన్న సాయంత్రం, "సముద్రానికి పోయొస్త" అని చెప్పి బయల్దేరిన. "వచ్చేటప్పుడు కొత్తిమీర పట్టుకరా" అన్నది ఇంటామె. కట్ట మీద నిలబడి దోస్తుకు వీడియో కాల్ చేసిన. ఫోను నీళ్ల దిక్కు తిప్పి, "చూడు, మా సముద్రం" అన్న.

"బాగనే ఉన్నది గని, అలలేవిరా?" అన్నడు.

జవాబు లేక ఫోను అట్లనే పట్టుకొని నిలబడ్డ. అంతల పక్కకెళ్లి ఒక బర్రె తాపీగ నీళ్లల్ల దిగింది, దాని ఎన్క ఇంకో నాలుగు. నీళ్లు లేచి, కట్ట రాళ్లకు తాకి, నా చెప్పులు తడిసినయి.

"వచ్చినయి" అన్న.