దున్నపోతు మీద మంచు

నేను దున్నపోతుని. ఇది తమాషాకి అంటున్న మాట కాదు. చాలాకాలం ఆలోచించి, పెద్దల అభిప్రాయాలన్నీ లెక్కలోకి తీసుకుని చేస్తున్న బహిరంగ ప్రకటన. మా నాన్నగారు నా ఏడో తరగతిలోనే ఈ సంగతి కనిపెట్టారు. లెక్కల మాస్టారు క్లాసందరి ముందూ ధ్రువీకరించారు. పెళ్ళయ్యాక మా ఆవిడ ఆ సర్టిఫికెట్‌ని క్రమం తప్పకుండా రెన్యూ చేస్తోంది. అందరికన్నా ఆలస్యంగా ఒప్పుకున్నది నేనే.

మేముండేది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో. ఊరి పేరు నచ్చి వచ్చాననుకునేరు, ఉద్యోగం దొరికి వచ్చాను. రేపు రాత్రి నుంచి మంచు తుఫాను అంటున్నారు. ఈ సమయంలో మా జాతి తరఫున నాలుగు మాటలు చెప్పాల్సిన అవసరం వచ్చింది.

మా ఊరి పక్కనే ఉన్న ఈరీ సరస్సు ఇంకా గడ్డకట్టలేదు. అసలు గొడవంతా అక్కడే ఉంది. చలిగాలి ఆ కాస్త వెచ్చటి నీళ్ళ మీదుగా వస్తూ తేమ పీల్చుకుని, ఒడ్డెక్కగానే మా నెత్తిన కుమ్మరిస్తుంది. అది కూడా ఊరంతటికీ సమానంగా కాదు, సన్నటి పట్టీలా ఒక వరసలోనే. 2022 నవంబరులో దక్షిణాన ఆర్చర్డ్ పార్క్‌లో దాదాపు 80 అంగుళాలు పడితే, కొన్ని మైళ్ళు ఉత్తరాన పడింది అందులో చిన్న వంతు. అంటే పక్కపేట వాళ్ళు కారెక్కడుందో వెతుక్కుంటుంటే, మనం కిటికీలోంచి చూస్తూ పకోడీలు తినొచ్చు. లేదా వాళ్ళు తినొచ్చు. ముందుగా ఎవరికీ తెలీదు.

తెలీని దానికి మనుషులు చేసే హడావుడి చూడండి. సూపర్ మార్కెట్లో బ్రెడ్డు, పాలు, గుడ్లు మాయం. ఇండియన్ స్టోర్‌లో పెద్ద పెరుగు డబ్బాల కోసం నిన్న జరిగిన తోపులాట పుష్కరాల రేవులో కూడా చూడలేదు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఎనిమిది అంగుళాలంటాడు, ఇంకొకాయన మూడడుగులంటాడు, మూడో ఆయన గుడ్ మార్నింగ్ పూలబొమ్మ పెడతాడు. ఇంకోపక్క ఇంటి దగ్గర టీవీలో 'గడ్డకట్టిన అమెరికా' అని స్క్రోలింగ్ వస్తోందట. అమ్మ ఫోను: "స్వెటరేసుకున్నావా నాన్నా?" ఇంకా ఒక్క రవ్వ పడలేదమ్మా అంటే నమ్మదు. టీవీలో చూపించారుగా.

దున్నపోతుకి టెన్షన్ ఉండదు. యమధర్మరాజుగారికి ఏనుగూ గుర్రమూ దొరక్క మమ్మల్ని తీసుకున్నారా? ఎంత గొడవలోనైనా అడుగు తడబడదని కదా!

ఇక్కడ మా జాతికి జరుగుతున్న అవమానం ఒకటి చెప్పాలి. ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బఫెలో బిల్స్ హెల్మెట్ మీద 1974 నుంచీ ఒక దున్న దూసుకుపోతూ ఉంటుంది. నీలం రంగులో. మా వాళ్ళెవరూ అలా పరిగెత్తగా నేను చూడలేదు. అది బైసనని, వేరే జాతి అని మా అబ్బాయి సర్దిచెప్పాడు. బైసన్‌ని 2016లో ఈ దేశ జాతీయ క్షీరదంగా ప్రకటించారు. కాదనను. ఒళ్ళంతా దట్టమైన ఉన్ని, మూపురం నిండా కండ. కానీ దాని పనేంటో తెలుసా? అంత పెద్ద తలతో మంచుని అటూ ఇటూ ఊడ్చి, అడుగునున్న గడ్డి తింటుంది. అదీ కూలి లేకుండా! 2024 జనవరిలో ప్లేఆఫ్ మ్యాచ్ తుఫాను వల్ల సోమవారానికి వాయిదాపడితే, స్టేడియంలో మంచెత్తడానికి వచ్చిన అభిమానులకి గంటకి 20 డాలర్లిచ్చారు. జాతీయ క్షీరదానికి ఆ మాత్రం గౌరవమైనా లేదు.

నేను గోదావరి జిల్లా సరుకుని. నా ఒంటికి బురదగుంట సరిపడుతుంది, మంచు పడదు. గుంటకి బదులు రోజూ రెండు పూటలా వేడినీళ్ళ టబ్బులో మెడదాకా మునుగుతున్నాను. గ్యాసు బిల్లు ఎందుకలా వస్తోందని అడిగేవాళ్ళు జంతుశాస్త్రం చదవాలి.

మా సిద్ధాంతాన్ని అర్థం చేసుకున్న మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే పుట్టాడు, ఒకప్పటి మేయర్ జిమ్మీ గ్రిఫిన్. 1985 తుఫానులో జనానికి ఆయనిచ్చిన సలహా: ఇంట్లో కూర్చోండి, ఆరు బీర్ల ప్యాక్ తెచ్చుకోండి, మంచి ఫుట్‌బాల్ ఆట చూడండి. నవ్వినవాళ్ళు నవ్వారు. కానీ 2022 క్రిస్మస్ తుఫానులో ఈ కౌంటీలో నలభై మందికి పైగా పోయారు, కొందరు కార్లలోనే. దాని మీద వెటకారమాడే కొమ్ములు నాకు లేవు.

కాబట్టి, ఇంటి ముందు కార్లు నిలిపే డ్రైవ్‌వేలో మంచెత్తే బాధ్యత నుంచి నన్ను శాశ్వతంగా మినహాయించాలని మా ఆవిడకి నిన్న రాతపూర్వకంగా విన్నవించుకున్నాను. గొడవపడుతుందనుకుని వాదనలన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను.

పడలేదు. కాగితం రెండుసార్లు చదివి, "అలాగే, ఒప్పుకున్నానండీ. మా పుట్టింట్లోనూ రెండుండేవి. తెల్లారకముందే నాన్న వాటిని తోలుకెళ్తే పదెకరాలు దమ్ముచేసి గానీ కొట్టంలోకి వచ్చేవి కావు. మనది రెండు కార్లు పట్టే డ్రైవ్‌వేనేగా" అంది.

తర్వాత కాఫీ అడిగాను. బియ్యం కడిగిన నీళ్ళలో ఇంత తవుడు కలిపి, బకెట్టు నా ముందు పెట్టింది. పార గుమ్మం పక్కన ఆనించి ఉంది. దమ్ముకి తోలడానికి మా వాడు పెరట్లో ముల్లుకర్ర వెతుకుతున్నాడు.