ఖాళీ పళ్ళాల సాక్ష్యం

మనిషి ఎంత తిన్నాడన్నది అతనికీ అతని విస్తరికీ మధ్య మాత్రమే ఉండవలసిన రహస్యమని తెలుగు నాగరికత ఏనాడో తీర్మానించింది. బంతిలో కూర్చున్నవాడి దగ్గరకు వడ్డించేవారు వస్తారు, అతడు చేయి అడ్డం పెట్టి వద్దంటాడు, ఆ వేళ్ళ సందుల్లోంచే మూడో గారె, నాలుగో బూరె విస్తట్లో పడతాయి. న్యాయశాస్త్రం ప్రకారం తిన్న నేరం అతనిది కాదు, తినిపించినవారిది. భోజనాలయ్యాక విస్తరి మడిచి లేస్తే, ఎవరు ఎన్ని బూరెలు తిన్నారో చెప్పగల సాక్షి భూప్రపంచంలో మిగలడు. మొహమాటం అనే మహత్తరమైన గుణం ఈ ఏర్పాటు నీడలోనే శతాబ్దాల తరబడి పెరిగి పెద్దదయింది.

ఇంత పకడ్బందీ ఏర్పాటును కూలదోయడానికి కంకణం కట్టుకున్న సంస్థ ఒకటి టోక్యోలో మా ఇంటికి ఏడు నిమిషాల నడక దూరంలో ఉంది. ఎదొగావా వార్డులోని నిషి కసాయి అనే ఈ పేటలో భారతీయులు ఎంతమంది ఉన్నారంటే, సాయంత్రం స్టేషను దిగి నడిచే పది నిమిషాల్లో కనీసం ఒక తెలుగు ఫోను సంభాషణయినా చెవిన పడకుండా ఇల్లు చేరడం కష్టం. ఇక్కడ ఇడ్లీ దొరుకుతుంది, కందిపప్పు దొరుకుతుంది, కరివేపాకు కూడా దొరుకుతుంది. అయినా ఊరినుంచి చుట్టాలు వచ్చినప్పుడు, జపానుకు వచ్చి ఇడ్లీ తిన్నామంటే నలుగురూ నవ్వుతారు గనుక, పులుపు కలిపిన అన్నం ముద్ద మీద చేపముక్క పెట్టి, పళ్ళాల్లో బెల్టు మీద తిప్పే ఆ తిరిగే సుషీ దుకాణానికే వారిని తీసుకువెళ్ళవలసి వస్తుంది.

తలుపు తెరవగానే 'ఇరాషాయిమాసే', అంటే 'దయచేయండి', అని లోపలున్నవారంతా ఒక్క గొంతుతో కేక వేస్తారు. ఆ కేక విని, ఇక కుశలప్రశ్నలు, మంచినీళ్ళు, 'కూర్చోండి, కాళ్ళు చాపుకోండి' వరసగా వస్తాయని ఆశించేవారు అమాయకులు. మర్యాద ఆ కేకతో సమాప్తం. మళ్ళీ బిల్లు వేళ దాకా మానవమాత్రుడు కనబడడు. బల్ల పక్కనుంచి బెల్టు సాగిపోతూ ఉంటుంది, దానిమీద చిన్న చిన్న పళ్ళాలు, ఒక్కొక్క పళ్ళెంలో రెండేసి సుషీ ముక్కలు. పళ్ళెం రంగును బట్టి ధర. తిన్న పళ్ళాలను ఎవరూ తీయరు, వాటిని ఎవరి ముందు వారే ఒకదానిమీద ఒకటి పేర్చుకోవాలి. చివర ఒక ఉద్యోగి వచ్చి, ఆ గోపురాలను రంగులవారీగా లెక్కించి బిల్లు వేస్తాడు.

ఈ వాక్యాన్ని పాఠకులు మళ్ళీ ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. తిన్న పళ్ళాలను తిన్నవాడి ముందే, గోపురంగా, భోజనం పూర్తయ్యేదాకా, పక్కబల్లవారికి కూడా కనబడేటట్టు నిలబెడతారు. దొంగకు కూడా నేరం రుజువయ్యేదాకా సొత్తును మెడలో కట్టి ఊరేగించరు.

చరిత్ర తిరగేస్తే ఈ దారుణానికి కారకుడు ఒసాకాకు చెందిన షిరాయిషి యోషియాకి అనే హోటలు యజమాని అని తేలుతుంది. చవకగా సుషీ అమ్మడానికి సరిపడా పనివారు దొరకక ఆయన సతమతమవుతూ, ఒకనాడు బీరు కర్మాగారంలో సీసాలు బెల్టు మీద సాగిపోవడం చూశాడు. 1958లో తొలి తిరిగే సుషీ దుకాణం వెలిసింది. పళ్ళాలు సెకనుకు 8 సెంటీమీటర్ల చొప్పున నడవాలని నిర్ణయించారు, ఎందుకంటే అంతకంటె వేగమైతే తీసుకునేవాడు తడబడతాడు, నిదానమైతే విసుక్కుంటాడు. (సాంబారు బకెట్టుతో బంతిలో పరుగెత్తే మన కుర్రవాళ్ళ వేగాన్ని ఏ శాస్త్రజ్ఞుడూ కొలవకపోవడం మన దురదృష్టం.) 1970లో ఒసాకా ప్రపంచ ప్రదర్శన కోసం వచ్చిన జనం చూశాక బెల్టు కీర్తి దేశమంతటా పాకింది. ఇక్కడ ఎవరికీ తట్టని విషయం ఒకటుంది. బీరు సీసాకు మొహమాటం లేదు. సీసాలను నడిపించే పద్ధతిని మనుషుల భోజనానికి అన్వయించినప్పుడు ఆ తేడాను ఎవరైనా ఒక కాగితం మీద రాసిపెట్టవలసింది.

అంతకు ముందు సుషీ ఇంత నిర్దయగా లేదు. 1820ల ప్రాంతంలో, టోక్యోను ఇంకా ఎదో అని పిలిచే రోజుల్లో, హనాయా యోహెయి వంటివారు పులుపు కలిపిన అన్నాన్ని చేతితో వత్తి, దానిమీద చేపముక్క పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. వీధి బండ్ల దగ్గర జనం నిలబడి తిని, పోతూ పోతూ బండికి వేలాడే గుడ్డతెరకు వేళ్ళు తుడుచుకునేవారట, తెర ఎంత మాసిపోతే సరుకు అంత మంచిదని లెక్కట. ఆ తెర మీద ఏ మరక ఎవరిదో తేల్చగల న్యాయస్థానం లేదు. సాక్ష్యం ఉంది, కాని అది ఉమ్మడి సాక్ష్యం. మడిచిన విస్తరికి అది దగ్గరి చుట్టం.

గత కార్తీకమాసంలో భీమవరం నుంచి మా అక్కయ్య, బావగారు వచ్చారు. బావగారికి రొయ్యల చెరువులున్నాయి. టైగర్ రొయ్యను జపాను ఎగబడి కొన్న రోజులు చూశారు, తెల్లమచ్చ వ్యాధి వచ్చి చెరువులు ఎండిపోయిన రోజులు చూశారు, 2009లో వనామి అనే మరో రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్ళీ నిలబడ్డారు. అక్కయ్యకు కార్తీకంలో నీచు నిషిద్ధం. బావగారికి వృత్తిరీత్యా రొయ్య ఏ మాసంలోనూ నిషిద్ధం కాదు. ఈ ఇద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి, మధ్యలో ఈ వ్యాసకర్త కూర్చున్నాడు.

బల్లకు ఒక కుళాయి ఉంటుంది. అందులోంచి సలసల కాగే నీళ్ళు వస్తాయి, ఆకుపచ్చ తేయాకు పొడిలో పోసుకుని తాగడానికి. దాన్ని చూడగానే బావగారు చేతులు కడుక్కోవడానికి లేచారు. ఈ వ్యాసకర్త సకాలంలో అడ్డుకున్నాడు. తొలిసారి వచ్చినప్పుడు తనను అడ్డుకునేవారు లేకపోవడం వల్ల కలిగిన అనుభవం అతనికి ఉంది. అదే రోజున తేయాకు పొడిని వసాబి అనే ఘాటయిన పచ్చటి నంజుడు అనుకుని సోయా సాసులో కలుపుకున్నాడు కూడా, కాని ఆ విషయం ఇక్కడ అప్రస్తుతం. ఇంతకీ ఇలాంటి చౌక దుకాణాల్లో పొట్లాల్లో ఇచ్చే వసాబి చాలామటుకు గుర్రపు ముల్లంగికి ఆవఘాటు, ఆకుపచ్చ రంగు చేర్చి తయారుచేసినదే. అసలు వసాబి దుంప ఖరీదయినది, తురిమిన కాసేపటికే ఘాటు పోగొట్టుకునే సుకుమారి. ఆవ ఘాటు తెలిసిన గోదావరి జిల్లావారిని ఇది పెద్దగా భయపెట్టలేదు.

అక్కయ్య కోసం దోసకాయ చుట్టిన కప్పామాకీ తీసి ఇచ్చాను. ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుని, కాసేపు ఆలోచించి, "పులిహోర కలిపి పోపు మర్చిపోయారు" అంది. సుషీ అన్నంలో సిర్కా, పంచదార, ఉప్పు కలుపుతారు గనుక, ఈ ఒక్క వాక్యం కంటె క్లుప్తమైన సమీక్షను ఈ వ్యాసకర్త ఇంతవరకు ఎక్కడా చదవలేదు. ఆ తర్వాత వేయించిన సోయా పనీరు సంచిలో అన్నం కూరిన ఇనారీ ఆమెకు బాగా నచ్చింది. ఆ సంచిని ఉడికించే రసంలో సాధారణంగా ఎండబెట్టిన చేప తురుము సారం ఉంటుందన్న సంగతి ఈ వ్యాసకర్తకు తెలుసు. కార్తీక పురాణం ఈ విషయంలో మౌనంగా ఉంది, కనుక అతడూ మౌనంగానే ఉన్నాడు.

బావగారి ముందు గోపురం లేవడం మొదలైంది. నాలుగో పళ్ళెంలో ఉడికించి చీల్చిన రొయ్యలు రెండు అన్నం మీద బోర్లా పడుకుని వచ్చాయి. ఆయన ఒకదాన్ని తోక పట్టుకుని పైకెత్తి, వెలుతురుకు పెట్టి, "యాభై కౌంట్" అన్నారు. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య అని తెలియని పాఠకులు భీమవరం వెళ్ళి ఎవరినైనా అడగవచ్చు, పాలు తాగే పిల్లవాడు కూడా చెబుతాడు. బావగారు తినడం మాని లెక్క మొదలుపెట్టారు. కిలోకు 50 రొయ్యలు, పళ్ళానికి రెండు, అంటే కిలోకు 25 పళ్ళాలు. పళ్ళెం 150 యెన్లు. కిలో రొయ్య మీద 3,750 యెన్లు.

"ఏమయ్యా, ఈ లెక్కన మొన్న పట్టుబడిలో నాకు కిలోకి ఎంతిచ్చారు?" అని నన్నే నిలదీశారు, కొన్నవాణ్ణి నేనే అయినట్టు.

కూలి, అద్దె, అన్నం, నడిచే బెల్టు ఖర్చు, ఇవన్నీ ఉంటాయి కదా బావగారూ అన్నాను. చెరువు గట్టు మీద రాత్రంతా నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు నడిపే కరెంటు ఖర్చు ఈ పళ్ళెంలో ఏ రంగుకు వస్తుందో చెప్పమన్నారు. జవాబు దొరకక నేను మరొక పళ్ళెం తీసుకున్నాను. ఆ రాత్రి అనేక ప్రశ్నలకు ఈ వ్యాసకర్త ఇచ్చిన జవాబు అదే గనుక, అతని ముందున్న గోపురం చూస్తుండగానే పన్నెండంతస్తులకు చేరింది.

అప్పుడు ఆయన చూపు ఆ గోపురం మీద పడింది. "మా వ్యాపారంలో కౌంట్ తగ్గేకొద్దీ విలువ పెరుగుతుంది. ఇక్కడ కూడా అంతేనా?"

సరిగ్గా ఇలాంటి క్షణంలోనే విస్తరి గొప్పతనం మనిషికి బోధపడుతుంది. ఈ వ్యాసకర్త పరిష్కారాల కోసం ఇతర దుకాణాలను కూడా పరిశీలించకపోలేదు. ఒక పెద్ద గొలుసు సంస్థవారి దుకాణాల్లో బల్లకే ఒక కంత ఉంటుంది. తిన్న పళ్ళేన్ని అందులో జారవిడిస్తే నీళ్ళలో కొట్టుకుపోతుంది. మొదటిసారి చూసినప్పుడు కళ్ళు చెమర్చాయి. విస్తరి మడిచే పుణ్యాత్ముడు ఈ దేశంలోనూ పుట్టాడని సంతోషించాను. అయిదో పళ్ళెం వేయగానే తెర వెలిగి, సంగీతం మోగి, లాటరీ ఆట మొదలైంది. ప్రతి అయిదు పళ్ళాలకూ ఒక ఆట, గెలిస్తే ఒక బొమ్మ. కంత మింగేస్తున్నది పళ్ళేన్నే గాని లెక్కను కాదని, పైగా అయిదు తిన్నాడహో అని దండోరా కూడా వేయిస్తున్నదని అప్పుడు అర్థమయింది. మూడు బొమ్మలతో ఇంటికి వెళ్ళిన గృహస్థు భార్యకు ఏమని చెప్పుకోవాలి?

2023 జనవరిలో ఒక కుర్రవాడు ఇలాంటి దుకాణంలో సోయా సాసు సీసాను నాలుకతో నాకి, ఆ వీడియో దేశమంతా పాకిన తర్వాత పరిస్థితి మరింత దిగజారింది. చాలా దుకాణాలు పళ్ళాలను ఊరికే తిప్పడం మానేశాయి. అలాంటిచోట్ల ఇప్పుడు తెర మీద వేలితో నొక్కి అడిగితేనే పళ్ళెం వస్తుంది. కొన్నిచోట్ల బెల్టుకు బదులు పొడవాటి తెర మీద చేపల బొమ్మలు ఈదుతూ పోతాయి. పైకి ఇది పరిశుభ్రత, లోపల ఇది వాంగ్మూలం. మునుపు 'నా ముందుకు వచ్చింది, తీసుకున్నాను' అని చెప్పుకునే వీలుండేది. వేళ్ళ సందుల్లోంచి పడ్డ బూరెకు అది జపాను రూపం. అక్కడ ఇప్పుడు ప్రతి పళ్ళెమూ నేనే కోరి, నా వేలితోనే నొక్కి, సంతకం పెట్టి తెప్పించుకున్నదే.

ధరల సంగతి కూడా చెప్పాలి గాని, అందులో వ్యంగ్యానికి పెద్దగా చోటు లేదు. పళ్ళెం వంద యెన్లు, పైన పన్ను, అనే మాట చాలా ఏళ్ళు నిలబడి, 2022 అక్టోబరులో కొన్ని పెద్ద సంస్థల దగ్గర కూడా పడిపోయి ధర పెరిగింది. మరోవైపు టొయోసు చేపల బజారులో 2019 కొత్త సంవత్సరం వేలంలో 278 కిలోల ట్యూనా ఒక్కటి 33 కోట్ల 36 లక్షల యెన్లు పలికింది. ఈ అంకెను బావగారికి చెప్పడం నేను చేసిన మొదటి పొరపాటు. ఆయన దాన్ని కిలోలతో భాగహారం చేస్తూ మరో పావుగంట గడిపారు.

ఆ పావుగంటలోనే ఈ వ్యాసకర్త రెండో పొరపాటు చేశాడు. వ్యవస్థను సంస్కరించడానికి ఎదొగావా వార్డు కార్యాలయానికి అర్జీ పెట్టి, పళ్ళాల గోపురాలకు తలా ఒక తెర కట్టించాలన్న ఆలోచన ఉన్నప్పటికీ, అది ఆ రాత్రి ఎనిమిదింటిలోపు జరిగే పని కాదు. అక్కయ్య ముందు నాలుగే నాలుగు పళ్ళాలు ఉన్నాయి, పక్కింటివారి గుడిసెలా వెలవెలబోతూ. ఆమె అద్దంలోంచి బయట వర్షాన్ని చూస్తోంది. నా గోపురం మీదినుంచి అయిదు పళ్ళాలు తీసి చప్పుడు కాకుండా ఆమె వాటి మీద పెట్టాను. మనిషి ఎంత తిన్నాడన్నదానికి పళ్ళాలు నమ్మదగిన సాక్ష్యం కావన్న నా వాదనకు ప్రయోగాత్మక నిరూపణ కావాలి గదా. ఏడు, తొమ్మిది, బావగారివి పధ్నాలుగు. మొత్తం ముప్పై. బిల్లులో తేడా లేదు, దుకాణానికి నష్టం లేదు, బంధుత్వానికీ లేదని అనుకున్నాను.

లెక్కపెట్టే అమ్మాయి కోసం గంట నొక్కాను. ఆమె వచ్చేలోగా బావగారు ఫోను తీసి, "ఆగండి, ఒక ఫొటో" అన్నారు. ముగ్గురం, మూడు గోపురాలు. అది క్షణంలో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడింది. భీమవరంలో అప్పుడు మధ్యాహ్నం మూడున్నర, పెద్దమ్మ నిద్రలేచి కాఫీ తాగే వేళ. పళ్ళెం రంగును బట్టి ధర ఉంటుందని బావగారు కింద వివరంగా రాశారు కూడా.

అమ్మాయి ఇంకా లెక్కపెడుతూనే ఉంది, అక్కయ్య ఫోను మోగింది. స్పీకరులో పెద్దమ్మ గొంతు. "ఒసే, దోసకాయ ముక్కలకు బంగారు రంగు పళ్ళెమేమిటే? కార్తీకంలో తొమ్మిదా?"

అక్కయ్య తన ముందున్న గోపురాన్ని అప్పుడే చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను కుళాయి తిప్పి, తేయాకు పొడి వేయడం మరిచిన గ్లాసులో వేడినీళ్ళు పట్టుకుంటున్నాను.