దాలియోను సరిగ్గా చూసింది రెన్వార్ ఒక్కరే

ఫ్రెంచి నటుడు మార్సెల్ దాలియో పేరు వినని ప్రేక్షకులు కూడా ఆయన ముఖాన్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ‘కాసాబ్లాంకా’లో రిక్ కెఫేలో రౌలెట్ చక్రం తిప్పే ఎమిల్ ఆయనే. ఇక్కడ జూదం జరుగుతోందా అని ఆశ్చర్యం నటిస్తూ పోలీసు అధికారి రెనో కెఫే మూయిస్తున్న క్షణంలో, ఆ అధికారి అదే బల్ల మీద గెలిచిన డబ్బు తెచ్చి అతి వినయంగా అధికారి చేతిలోనే పెట్టేదీ ఆయనే. ఎనభై ఏళ్లు దాటినా ఆ సన్నివేశం నవ్విస్తూనే ఉంది. అందులో నటించిన దాలియో పేరు మాత్రం టైటిల్స్‌లో లేదు. అంతకు మూడేళ్ల ముందు, 1939లో, ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ తీసిన ‘ది రూల్స్ ఆఫ్ ద గేమ్’లో ఆయన మార్క్విస్ (ఉన్నత ప్రభువంశీయుడి బిరుదు) పాత్ర పోషించారు. మహత్తర చిత్రాల జాబితా ఎవరు వేసినా ఆ సినిమాను విడిచిపెట్టడం అరుదు. మూడేళ్లలో ఇంత కిందికి జారిన నటుడి కథను చరిత్రకారులు సాధారణంగా దురదృష్టం ఖాతాలో రాసి ఊరుకుంటారు. నా దృష్టిలో అది దురదృష్టం కాదు. నటుడి ముఖాన్ని చూసి వేషం ఇచ్చే అలవాటు చేసిన నష్టం.

దాలియో అసలు పేరు ఇజ్రాయెల్ మోషే బ్లౌష్‌చైల్డ్. రొమేనియా నుంచి వలస వచ్చిన యూదు దంపతులకు పారిస్‌లో పుట్టారు. క్యాబరేలలో, పాటలూ హాస్యమూ కలగలిపిన రెవ్యూ ప్రదర్శనలలో పేరు తెచ్చుకుని 1930లలో సినిమాల్లోకి వచ్చారు. పొట్టి మనిషి, నల్లని చురుకు కళ్లు, ముఖంలో క్షణానికో భావం. ఫ్రెంచి నిర్మాతలు ఆ ముఖానికి వెంటనే ధర కట్టేశారు: మోసగాడు, దళారీ, పోలీసులకు ఉప్పందించేవాడు. 1937 నాటి ‘పెపె ల మొకొ’లో ఆయన వేసిన లార్బీ కూడా ఇన్‌ఫార్మరే.

అదే ఏడాది వచ్చిన ‘గ్రాండ్ ఇల్యూజన్’లో రెన్వార్ ఆయనకు రోసెంతాల్ పాత్ర ఇచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతికి చిక్కిన ఫ్రెంచి సైనికాధికారి, సంపన్న యూదు కుటుంబం బిడ్డ, ఇంటి నుంచి తనకు వచ్చే తిండి పొట్లాలను తోటి ఖైదీలకు పంచిపెట్టే మనిషి. జాఁ గాబాఁ పోషించిన మారెషాల్‌తో కలిసి పారిపోతుండగా రోసెంతాల్ కాలు బెణుకుతుంది. చలి, ఆకలి, భయం ముదిరిన ఒక మలుపులో మారెషాల్ నోటి వెంట యూదులంటే తనకెప్పుడూ పడదన్న మాట వచ్చేస్తుంది. ఆ సంగతి కాస్త ఆలస్యంగా తెలుసుకున్నావని రోసెంతాల్ బదులిస్తాడు. మారెషాల్ విసవిసా నడిచి వెళ్లిపోతుంటే, రోసెంతాల్ కొండవాలున కూర్చుని పంతంగా గొంతెత్తి పిల్లల పాట అందుకుంటాడు. దాలియో ఆ పాటలో కోపాన్నీ, అవమానాన్నీ, ఒంటరిగా మిగిలిపోతానన్న భయాన్నీ ఒకే ఊపిరిలో పలికిస్తారు. మిత్రుడు వెనక్కి తిరిగి రావడానికి ఇంకే సంభాషణా అవసరం లేకపోయింది.

నా వాదనకు అసలైన ఆధారం మాత్రం ‘రూల్స్ ఆఫ్ ద గేమ్’. అంతవరకు దళారీ వేషాలకు పిలిచిన నటుడిని తీసుకెళ్లి ఫ్రెంచి ప్రభువర్గపు నడిబొడ్డున, సొలోన్ ప్రాంతంలోని కోటకు యజమానిగా కూర్చోబెట్టారు రెన్వార్. మార్క్విస్ అనగానే గుర్తొచ్చే మూస ముఖం దాలియోది కాదు గనుక, ఆ పాత్రకు మూలమైన అభద్రతాభావాన్ని ఆయన తప్ప మరొకరు పలికించలేరని తోచింది గనుక ఎంచుకున్నానని రెన్వార్ తర్వాతి కాలంలో చెప్పారు. ఆ ఎంపికను కథలోనే బాహాటంగా చర్చకు పెట్టారు కూడా. పనివారి భోజనాల బల్ల దగ్గర యజమాని పుట్టుక గురించి మాట వస్తుంది. ఆయన తల్లివైపు వారు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన రోసెంతాల్ అనే యూదుల ఇంటివారని బయటపడుతుంది. అప్పుడు వంటవాడు బంగాళాదుంప సలాడ్ సంగతి చెబుతాడు. దుంపలు పొగలు కక్కుతుండగానే వాటి మీద వైట్ వైన్ పోయాలి. చేతులు కాలుతాయని సహాయకుడు ఆ పని చేయలేదు. యజమాని నోట పెట్టుకోగానే పసిగట్టేశాడు. ఎవరేమన్నా ఆయన నిజమైన పెద్దమనిషి అన్నది వంటవాడి తీర్పు. వంశం చూసి మనిషికి విలువ కట్టేవారి వాదన అక్కడ ఒక సలాడ్ దగ్గర ఓడిపోతుంది.

ఆ తర్వాత వాద్యయంత్రం సన్నివేశం వస్తుంది. మరబొమ్మలంటే ప్రాణం పెట్టే మార్క్విస్, తన సేకరణలోకెల్లా పెద్దదైన వాద్యయంత్రాన్ని అతిథుల ముందు ఆవిష్కరిస్తాడు. దీపాలు వెలుగుతాయి, చిన్న చిన్న బొమ్మలు గంటలు మోగిస్తాయి, కెమెరా వాటి మీదుగా సాగి దాలియో ముఖం దగ్గర ఆగుతుంది. ఆ ముఖంలో గర్వం ఉంది, ఆ గర్వాన్ని ఎవరైనా గమనిస్తారేమోనన్న బిడియం ఉంది, తన ఆనందం ఇతరులకు నచ్చుతుందో లేదోనన్న బెంగ ఉంది. చేతిలో రుమాలు, పెదవుల మీద నిలకడలేని చిరునవ్వు, చెప్పడానికి ఒక్క మాటా లేదు. సినిమా నటనలో ఇంతకు మించిన క్లోజప్ నేనెరుగను.

1939 జులైలో సినిమా విడుదలైనప్పుడు పారిస్ ప్రేక్షకులు మండిపడ్డారు, కోతలు పడ్డాయి, యుద్ధం మొదలయ్యాక నిషేధం వచ్చింది. ఒక యూదు నటుడు ఫ్రెంచి మార్క్విస్‌గా కనిపించడమేమిటన్నది ఆనాటి రైట్‌వింగ్ వర్గాల ఆగ్రహానికి ఒక కారణం. మరుసటి ఏడాది జర్మన్ సేనలు పారిస్‌లో అడుగుపెట్టకముందే దాలియో, ఆయన భార్య నటి మదలెన్ లెబో లిస్బన్ దారి పట్టారు. ఆక్రమిత ఫ్రాన్స్‌లో నాజీలు ఆయన ఫోటోనే పోస్టర్ల మీద అచ్చువేసి, యూదుడు ఎలా ఉంటాడో చూడండని గోడలకు అంటించారు. ఆయన తల్లిదండ్రులు నిర్బంధ శిబిరాలకు బలైపోయారు.

దంపతుల చేతిలోని చిలీ వీసాలు నకిలీవని మెక్సికోలో తేలింది. కెనడా తాత్కాలిక పాస్‌పోర్టులతో ఎలాగో అమెరికా చేరారు. హాలీవుడ్ ఆయన యాసను చూసింది, ముఖాన్ని చూసింది, ‘ఫ్రెంచి మనిషి’ అని చీటీ అంటించింది. క్రూపియే (జూదపు బల్ల నడిపేవాడు), హోటల్ యజమాని, న్యాయమూర్తి, బ్యారన్. హోవర్డ్ హాక్స్ ‘టు హావ్ అండ్ హావ్ నాట్’లో కాస్త నిడివి గల పాత్ర దక్కింది, ‘సబ్రినా’లో పారిస్ వంట తరగతిలో ఆడ్రీ హెప్‌బర్న్ ప్రేమబాధను ఓవెన్ చూసి కనిపెట్టే ముసలి బ్యారన్‌గా రెండు నిమిషాల్లో మనసు దోచుకున్నారు. ఇచ్చిన ప్రతి చిన్న వేషానికీ ఆయన ప్రాణం పోశారు. అంతటి నటుడికి పెద్ద వేషం ఇవ్వాలని ఒక్క స్టూడియోకూ తోచలేదు.

హాలీవుడ్ ఆయనకు నీడనిచ్చిందని, పరాయి భాషలో నటించే వలసదారుకు అంతకుమించి ఆశించడం అత్యాశని, క్యారెక్టర్ ఆర్టిస్ట్ అంటేనే చిన్న వేషాలు వేసేవాడని కొందరు అంటారు. ఉపాధి దొరికిన మాట నిజం, దాన్ని తక్కువ చేయను. అయితే యాస అడ్డమనుకుంటే అదే కాలంలో షార్ల్ బోయెర్ ఫ్రెంచి యాసతోనే హాలీవుడ్‌లో నాయకుడిగా వెలిగారు. ఆయనది నాయకుడి ముఖమని, దాలియోది పక్కవాడి ముఖమని ముందే తీర్పు ఇచ్చేశారు. తేడా అంతా అక్కడే ఉంది.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టే విషయం చెబుతాను. పోస్టర్ అచ్చువేసినవారి నేరాన్నీ, స్టూడియో ఉద్యోగి బద్ధకాన్నీ ఒకే గాటన కట్టను. ఒకటి హత్యాకాండకు దారితీసింది, రెండోది నటుడి ప్రతిభను వృథా చేసింది. కానీ ఆ రెండింటి అడుగున ఉన్న నమ్మకం ఒకటే: ముఖం చూస్తే మనిషి ఏమిటో తెలిసిపోతుందన్నది. పంతొమ్మిదో శతాబ్దంలో శాస్త్రం వేషం వేసుకుని నేరస్థుల పుర్రెలు కొలిచిన నమ్మకమే అది. ఆ శాస్త్రం ఎప్పుడో కూలిపోయింది. సినిమా కాస్టింగ్‌లో మాత్రం ‘పాత్రకు సరిపోయే ముఖం’ అన్న గౌరవప్రదమైన పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. దొంగ వేషానికి ఎలాంటివాళ్లను పిలుస్తారో, న్యాయమూర్తి వేషానికి ఎలాంటివాళ్లను పిలుస్తారో గమనించండి. ప్రేక్షకుడు థియేటర్‌లో నేర్చుకున్న ఆ పాఠాన్ని వీధిలో, పోలీస్ స్టేషన్‌లో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో వాడతాడు. అందుకే వేషాల పంపిణీ దర్శకుడి సౌకర్యానికి సంబంధించిన చిన్న విషయమంటే నేను ఒప్పుకోను.

యుద్ధం తర్వాత దాలియో ఫ్రాన్స్‌కు తిరిగి వచ్చారు. ‘దెదె ద్ ఆంవెర్’లో సిమోన్ సిన్యోరే పక్కన తార్పుడుగాడి వేషం ఇచ్చారు, సొంతగడ్డ కూడా పాత ధరే కట్టింది. 1959లో ‘రూల్స్ ఆఫ్ ద గేమ్’ పునర్నిర్మిత ప్రతి వెలుగుచూసి రెన్వార్ కీర్తి ఆకాశాన్నంటింది. దాలియోకు మాత్రం మరో మార్క్విస్ పాత్ర రాలేదు. 1973లో జెరార్ ఊరీ ‘ది మ్యాడ్ అడ్వెంచర్స్ ఆఫ్ రబ్బీ జాకబ్’లో, ముప్పై ఏళ్ల తర్వాత అమెరికా నుంచి పారిస్‌కు వస్తున్న అసలైన రబ్బీ జాకబ్‌గా ఆయన కనిపించారు. నవ్వులన్నీ హాస్యనటుడు లూయీ ద ఫ్యూనెస్‌వే అయినా, సినిమాకు ఆ పేరిచ్చిన పాత్ర దాలియోది. 1983లో కన్నుమూశారు. కొత్తతరం ఆయన్ను ఇప్పటికీ ఎమిల్‌గానే పరిచయం చేసుకుంటోంది. నా మాట వింటే ‘కాసాబ్లాంకా’ను పక్కనపెట్టి ముందు మార్క్విస్‌ను చూడండి. రౌలెట్ బల్ల దగ్గర హాలీవుడ్ ఎవరిని నిలబెట్టిందో అప్పుడు తెలుస్తుంది.